గోదావరి వంతెనను గదిలోకి తేవాలంటే: మోడల్ రైలు వంతెనలకు కొలతలు మార్చే పద్ధతి

మోడల్ రైల్వేకి వంతెన కట్టాలనుకున్నవాళ్లు సాధారణంగా చేసే మొదటి పని, క్యాలిక్యులేటర్ తీసి కనిపించిన ప్రతి కొలతనీ 87తో భాగించడం (హెచ్‌ఓ అనే స్కేల్‌లో మోడల్ అసలులో 87వ వంతు ఉంటుంది). లెక్క సరిగ్గానే వస్తుంది, వంతెన మాత్రం పనికి రాదు. కోచ్ మూల గర్డర్‌కి (వంతెన దూలానికి) రాసుకుంటుంది, సన్నటి బద్దీలు చేతిలోనే విరుగుతాయి, మొత్తం పొడవు చూస్తే గది గోడ దాటి పక్కింట్లోకి పోతుంది. అసలు వంతెన కొలతలు మూడు రకాలు. కొన్నింటిని నిజంగానే భాగించాలి. కొన్నింటిని మన దగ్గరున్న మోడల్ బండిని చూసి కొలుచుకోవాలి. కొన్నింటిని తెలిసే కత్తిరించాలి. ఏ కొలత ఏ రకమో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు విషయం.

ఉదాహరణకి రాజమండ్రినే తీసుకుందాం, ఎందుకంటే అక్కడ మూడు తరాల రైలు వంతెనలు ఒకే నదిమీద ఉన్నాయి. 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన (అప్పటి మద్రాసు గవర్నర్ పేరు) 45.7 మీటర్ల స్పాన్లు (రెండు పిల్లర్ల మధ్య భాగాలు) 56 ఉన్న ఉక్కు వంతెన. 1997లో దానిమీద రైళ్లు ఆపేశారు. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెనకి 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.72 మీటర్లవి 7. 1997లో వచ్చిన కాంక్రీటు ఆర్చి వంతెనకి 97.55 మీటర్ల స్పాన్లు 28. మోడల్ చేసేవాళ్లకి ఈ ముగ్గురిలో హేవ్‌లాకే మంచి స్నేహితుడు. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

1. ముందు మీ స్కేల్ ఏమిటో ఖాయం చేసుకోండి

"ఎన్ స్కేల్" అని డబ్బామీద ఉంటే సరిపోదు. అమెరికా, ఐరోపా ఎన్ స్కేల్ 1:160. బ్రిటన్‌ది 1:148, జపాన్‌లో ఎక్కువగా 1:150. మూడూ 9 మి.మీ. ట్రాక్‌మీదే (అది రెండు పట్టాల మధ్య దూరం) నడుస్తాయి కాబట్టి తేడా కంటికి దొరకదు. కానీ 45.72 మీటర్ల గర్డర్ 1:160లో 285.8 మి.మీ., 1:148లో 308.9 మి.మీ. అంటే 23 మి.మీ. తేడా.

హెచ్‌ఓ అంటే అడుగుకి 3.5 మి.మీ. నిష్పత్తిలో చెబితే 1:87.1. బ్రిటిష్ ఓఓ అడుగుకి 4 మి.మీ., అంటే 1:76.2. రెండూ 16.5 మి.మీ. ట్రాక్‌మీదే తిరుగుతాయి కాబట్టి ఓఓ ఇంజన్, హెచ్‌ఓ కోచ్‌లు కలిపి నడిపేవాళ్లు మనదగ్గర చాలామందే ఉన్నారు. బండి కలగాపులగం అయినా ఫర్వాలేదు గానీ వంతెనకి మాత్రం ఒక్కటే స్కేల్ పెట్టుకోండి. 87 వాడాలా 87.1 వాడాలా అన్న చర్చకి టైమ్ వృథా చేయకండి, 45.72 మీటర్లమీద వచ్చే తేడా అర మిల్లీమీటరు.

నోటికి రావాల్సిన గుణకాలు ఇవి:

హెచ్‌ఓ: అడుగులు × 3.5, లేదా మీటర్లు × 11.48
ఓఓ: అడుగులు × 4, లేదా మీటర్లు × 13.12
ఎన్ (1:160): అడుగులు × 1.905, లేదా మీటర్లు × 6.25

జవాబు అన్నింట్లోనూ మి.మీ.లో వస్తుంది. భాగించడం కంటే ఇలా గుణించడంలో దశాంశ బిందువు జారిపోయే ప్రమాదం తక్కువ.

2. కొలతలన్నీ ఒకే యూనిట్‌లోకి తెచ్చుకోండి

హేవ్‌లాక్ కాలం నాటి వంతెనలు అడుగులు, అంగుళాల్లో పుట్టినవి. 45.72 మీటర్లు చూడ్డానికి వింత అంకె, కానీ అది సరిగ్గా 150 అడుగులు. హెచ్‌ఓలో 150 × 3.5 = 525 మి.మీ., నీటుగా వచ్చేసింది. పాత వంతెనలో ఏదైనా కొలత మీటర్లలో అడ్డదిడ్డంగా కనిపిస్తే ఒకసారి అడుగుల్లోకి మార్చి చూడండి, చాలాసార్లు గుండ్రటి అంకె బయటపడుతుంది. అప్పుడు ఆ కొలత నమ్మదగినదని కూడా తెలుస్తుంది.

అడుగులు, అంగుళాలు కలిసి ఉన్నప్పుడు జాగ్రత్త. 3 అడుగుల 11 అంగుళాలని క్యాలిక్యులేటర్‌లో 3.11 అని కొట్టేస్తారు. హెచ్‌ఓలో అది 10.9 మి.మీ. అవుతుంది. అంగుళాలని 12తో భాగిస్తే సరైన విలువ 3.917 అడుగులు, అంటే 13.7 మి.మీ. దాదాపు 3 మి.మీ. పోయినట్టే. ఎక్సెల్ షీట్ పెట్టుకునేవాళ్లు అడుగులకి ఒక గడి, అంగుళాలకి ఒక గడి విడిగా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. పక్కనే అసలు కొలత మి.మీ.లో, ఆ పక్కన మోడల్ కొలత. చివర్లో ఇంకో గడి తప్పకుండా ఉండాలి, మీరు నిజంగా కోయబోయే కొలత. ఈ రెండూ ఎందుకు వేరవుతాయో కింద చెబుతాను.

3. డ్రాయింగ్ దొరకనప్పుడు

మన వంతెనల డ్రాయింగులు చేతికి దొరకడం కష్టం. ఫొటోయే దిక్కు. వంతెనకి ఎదురుగా, గర్డర్‌కి సూటిగా నిలబడి, వీలైనంత దూరంనుంచి జూమ్ చేసి తీసిన ఫొటో కావాలి. ఏటవాలుగా తీసింది అందంగా ఉంటుంది, కొలతకి పనికిరాదు.

ఫొటోలో స్పాన్ పొడవు 183 మి.మీ., ట్రస్ (బద్దీల చట్రంగా కట్టిన గర్డర్) ఎత్తు 31 మి.మీ. ఉన్నాయనుకుందాం. 31ని 183తో భాగిస్తే 0.169. హెచ్‌ఓ స్పాన్ 525 మి.మీ. కాబట్టి ట్రస్ ఎత్తు 525 × 0.169, అంటే సుమారు 89 మి.మీ. అసలు ఎత్తు ఎన్ని మీటర్లో తెలియనవసరమే లేదు. స్పాన్ పొడవు ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావన్నీ దానికి నిష్పత్తిలో తీసుకోవచ్చు.

స్పాన్ పొడవు కూడా తెలియకపోతే వంతెన మీదున్న కోచ్‌ని స్కేలుబద్దలా వాడొచ్చు. ఎల్‌హెచ్‌బీ కోచ్ (మన రైళ్లలో కొత్తరకం కోచ్) పొడవు 23.54 మీటర్లు, వెడల్పు 3.24 మీటర్లు. ఒక్కటి గుర్తుంచుకోండి. కోచ్ ట్రస్ వెనక ఉంటుంది కాబట్టి కెమెరాకి కాస్త దూరం. అందువల్ల దాంతో లెక్కగట్టిన ట్రస్ కొలత అసలుకంటే కొంచెం ఎక్కువ వస్తుంది. దూరంనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా దాదాపు పోతుంది. పిల్లర్ల మధ్య దూరానికైతే ఉపగ్రహ మ్యాప్‌లో ఉండే రూలర్ హాయి. ఒక స్పాన్ కొలవకండి, పది స్పాన్లు కలిపి కొలిచి పదితో భాగించండి. గురిలో తప్పు కూడా పదో వంతు అవుతుంది.

వేరే స్కేల్‌లో ముద్రించిన ప్లాన్ దొరికితే జిరాక్స్ శాతం ఒక్కటి చాలు. మూల స్కేల్‌ని మీ స్కేల్‌తో భాగించండి. 1:160 ప్లాన్‌ని హెచ్‌ఓకి మార్చాలంటే 160 ÷ 87.1, అంటే 184 శాతం. హెచ్‌ఓనుంచి ఓఓకి 114 శాతం. 1:48 ప్లాన్‌నుంచి హెచ్‌ఓకి 55 శాతం.

కోణాలు, వాలు మారవు. అసలు ట్రస్‌లో ఏటవాలు బద్ది 50 డిగ్రీలుంటే మోడల్‌లోనూ 50 డిగ్రీలే. వందకి ఒకటి వాలు ఏ స్కేల్‌లోనైనా వందకి ఒకటే. కొత్తవాళ్లు వీటిని కూడా భాగించబోతారు.

4. గర్డర్‌మీద గుర్తులు పెట్టడం

ట్రస్‌ని నిలువు బద్దీలు సమాన గళ్లుగా విడగొడతాయి. మీ ఫొటోలో ఎనిమిది గళ్లు ఉన్నాయనుకుందాం. 525 ÷ 8 = 65.625 మి.మీ. ఇక్కడ చాలామంది 66కి సర్దేసి ఒకదాని తర్వాత ఒకటి కొలుచుకుంటూ పోతారు. చివరికి 528 వస్తుంది. 3 మి.మీ. ఎక్కువైన గర్డర్ పిల్లర్లమీద కూర్చోదు, లేదా చివరి గడి ఒక్కటే కురచగా మిగిలి ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్టీలు స్కేలుని ఒకసారి పెట్టి, కదపకుండా, ఒకే చివరనుంచి గుర్తులన్నీ పెట్టండి: 65.6, 131.3, 196.9, 262.5, 328.1, 393.8, 459.4, 525. గుర్తుకి గుర్తుకి మధ్య కాకుండా ప్రతి గుర్తునీ సున్నానుంచి కొలవడం వల్ల సర్దుబాటు తప్పు పోగుపడదు. రెండు వైపుల ట్రస్‌లనీ ఒకే కాగితం టెంప్లేట్‌మీద కట్టండి. కొలత కాస్త అటూ ఇటూ అయినా రెండూ ఒకేలా ఉంటే కన్ను క్షమిస్తుంది.

టెంప్లేట్ ప్రింట్ తీసేటప్పుడు ప్రింటర్ సెట్టింగులో "పేజీకి సర్దు" అన్నది తీసేసి 100 శాతం పెట్టండి. డ్రాయింగ్ మూలలో 100 మి.మీ. గీత ఒకటి గీసి ఉంచుకుని, ప్రింట్ వచ్చాక దాన్ని కొలవండి. 97 వచ్చిందంటే ఆ కాగితం చెత్తబుట్టకి.

5. సన్నటి భాగాలు: భాగిస్తే మిగలనివి

ట్రస్‌లో వాడే ఎల్ ఆకారపు యాంగిల్ 100 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం అనుకుందాం. హెచ్‌ఓలో వెడల్పు 1.15 మి.మీ., మందం 0.115 మి.మీ. అంత పల్చని ప్లాస్టిక్ చేతిలో నిలవదు. స్టైరీన్ షీటులో తేలిగ్గా దొరికే పల్చనిది 0.010 అంగుళాలది, అంటే 0.25 మి.మీ. అసలు వంతెనలో అది 22 మి.మీ. మందంతో సమానం, రెట్టింపుపైనే. అయినా వాడేయండి. నాకు తెలిసిన మంచి పద్ధతి ఏమిటంటే, ఎదురుగా కనిపించే వెడల్పుని కచ్చితంగా ఉంచి, అంచు మందాన్ని మాత్రం దొరికే సరుకుకి వదిలేయడం. చూసేవాళ్లు వెడల్పుల్ని పోల్చుకుంటారు, అంచు మందాన్ని ఎవరూ పట్టించుకోరు. అంచుకి ముదురు రంగు వేస్తే ఆ కాస్తా మాయమవుతుంది.

స్టైరీన్ పట్టీలు ఎక్కువగా అంగుళాల్లో వస్తాయి కాబట్టి ఈ మూడు మార్పిడులు గోడకి అంటించుకోవచ్చు: 0.020 అంటే 0.51 మి.మీ., 0.040 అంటే 1.02, 0.060 అంటే 1.52. మీ లెక్కలో 1.15 వచ్చి 1.02 పట్టీ దొరికితే చాలు. కానీ ఒకే రకం బద్దీలన్నింటికీ ఒకే పట్టీ వాడాలి. సన్‌బోర్డ్, ఐవరీ కార్డుతో చేసేవాళ్లకీ ఇదే సూత్రం. లేజర్ కటింగ్‌కి ఇస్తే గాటు వెడల్పు వల్ల ముక్క కాస్త తగ్గుతుంది, ముందు ఒక ముక్క కోయించి కాలిపర్‌తో చూసుకున్నాకే మొత్తం ఫైల్ ఇవ్వండి.

రివెట్ల సంగతి. 35 మి.మీ. తల ఉన్న రివెట్ హెచ్‌ఓలో 0.4 మి.మీ. అవుతుంది, ఓపిక ఉంటే పెట్టొచ్చు. ఎన్ స్కేల్‌లో 0.2 మి.మీ. రంగు పూతకిందే అవి దాదాపు పూడిపోతాయి. ఎన్‌లో రివెట్లు వద్దు.

6. ట్రాక్ దగ్గర వచ్చే చిక్కు

మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. హెచ్‌ఓలో 19.2 మి.మీ. రావాలి. బజారులో దొరికే ట్రాక్ 16.5 మి.మీ., అంటే 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయేది. భారతీయ రైలు మోడల్ చేసే ప్రతివాళ్లకీ ఎదురయ్యే తలనొప్పి ఇది. చేత్తో 19.2 ట్రాక్ వేసుకుని, చక్రాలన్నీ మార్చుకునే వీరులు ఉంటారు, వాళ్లకి నమస్కారం. మిగతావాళ్లం 16.5తో సర్దుకుంటాం. గేజ్ తగ్గింది కదా అని దానికి తగ్గట్టు వంతెన వెడల్పుని కూడా తగ్గించకండి. కోచ్ వెడల్పు 1:87లోనే ఉంది, వంతెన వెడల్పు దాన్ని బట్టి ఉండాలి.

మీటర్ గేజ్ వంతెన చేయాలనుకుంటే అదృష్టం బాగుంది. 1000 మి.మీ. హెచ్‌ఓలో 11.5 వస్తుంది, 12 మి.మీ. ట్రాక్ దొరుకుతుంది. 762 మి.మీ. నారో గేజ్‌కి 8.75 రావాలి, ఎన్ స్కేల్ వాళ్ల 9 మి.మీ. ట్రాక్ సరిపోతుంది.

పట్టా ఎత్తు కూడా చూడండి. మీటరుకి 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మి.మీ., హెచ్‌ఓలో 1.97. కోడ్ 100 పట్టా (కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) 2.54 మి.మీ. ఉంటుంది, వంతెనమీద పక్కనుంచి చూస్తే దుంగలా కనిపిస్తుంది. కోడ్ 75 పట్టా 1.9 మి.మీ., అదే దగ్గర. మిగతా లేఅవుట్‌లో కోడ్ 100 ఉన్నా వంతెనమీద మాత్రం 75 వేసి, రెండు చివర్లా జాయింట్ దగ్గర ఎత్తు కలపొచ్చు. వంతెనమీద పట్టాల లోపల వేసే గార్డు పట్టా బ్రాడ్ గేజ్‌లో 250 మి.మీ. దూరంలో ఉంటుంది. హెచ్‌ఓలో 2.9 మి.మీ. చక్రం అంచు పట్టడానికి ఆ సందు చాలు కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు భాగించుకోవచ్చు.

7. బండి పట్టే చోటు: ఇక్కడ అసలు వంతెనని మర్చిపోండి

గర్డర్ల మధ్యనుంచి బండి దూరి వెళ్లే ట్రస్ వంతెనల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అసలు వంతెనలో లోపలి వెడల్పుని భాగించి కట్టేస్తారు. తిన్నటి ట్రాక్‌మీద అది పనిచేస్తుంది. వంతెన వంపులో ఉన్నా, వంపు వంతెనకి ఒక కోచ్ పొడవులోపు మొదలైనా పనిచేయదు, ఎందుకంటే మన వంపులు అసలు వంపులకంటే చాలా బిగువు.

ఎంత బిగువో చూడండి. బ్రాడ్ గేజ్‌లో వంపు డిగ్రీని మీటర్లలోకి మార్చాలంటే 1750ని డిగ్రీతో భాగించాలి. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన ఊరివైపు చివర 6 డిగ్రీల వంపులో ఉంది, ఊళ్లో కట్టడాల వల్ల అలా తిప్పారు. అంటే వ్యాసార్థం 292 మీటర్లు. హెచ్‌ఓలో 3.35 మీటర్లు. బ్రాడ్ గేజ్‌లో అనుమతించే అత్యంత బిగువు వంపు 10 డిగ్రీలు, 175 మీటర్లు, అదీ హెచ్‌ఓలో 2 మీటర్లు. మన ఇళ్లలో వేసే వంపులేమో 45 నుంచి 60 సెంటీమీటర్లు.

వంపులో కోచ్ మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి జరుగుతాయి. లోపలికి ఎంత అంటే, చక్రాల ట్రాలీల మధ్య దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. బయటికి ఎంత అంటే, కోచ్ పొడవు వర్గంలోంచి ఆ ట్రాలీల దూరం వర్గాన్ని తీసేసి, అదే సంఖ్యతో భాగించాలి.

ఎల్‌హెచ్‌బీ కోచ్ పూర్తి పొడవుతో హెచ్‌ఓలో 270 మి.మీ., ట్రాలీల మధ్య (అసలు 14.9 మీటర్లు) 171 మి.మీ. వంపు వ్యాసార్థం 600 మి.మీ. అయితే:

లోపలికి: 171 × 171 ÷ 4800 = 6.1 మి.మీ.
బయటికి: (270 × 270 − 171 × 171) ÷ 4800 = 9.1 మి.మీ.

కోచ్ సగం వెడల్పు 18.6 మి.మీ. కాబట్టి ట్రాక్ మధ్యగీతనుంచి లోపలివైపు 24.7, బయటివైపు 27.7 కావాలి. ఊగిసలాటకి రెండేసి మి.మీ. కలిపితే దాదాపు 27, 30. ట్రాక్‌ని గర్డర్ల మధ్య సరిగ్గా నడిమధ్య కాకుండా ఒకటిన్నర మి.మీ. లోపలివైపుకి జరిపితే లోపలి వెడల్పు 57తో సరిపోతుంది. నడిమధ్యే ఉంచితే 60 కావాలి.

ఎత్తుకి ఫార్ములాలు అక్కర్లేదు. మీ దగ్గరున్న ఎలక్ట్రిక్ ఇంజన్‌ని ట్రాక్‌మీద పెట్టి, పాంటోగ్రాఫ్ (పైవైరునుంచి కరెంటు తీసుకునే చట్రం) పూర్తిగా లేపి, పట్టా పైనుంచి కొలవండి. మోడల్ పాంటోగ్రాఫ్ స్ప్రింగు అసలుదానికంటే ఎత్తుకి లేవొచ్చు. పైన వైరు లేని లేఅవుట్లలో అది ప్రవేశ ద్వారం అడ్డ బద్దీకి తగిలి విరిగిపోతుంది. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ అమ్మే రేకు గేజ్ ఒకటుంది, పట్టాలమీద నిలబెడితే బండికి కావాల్సిన ఖాళీ ఉందో లేదో తెలిసిపోతుంది. తిన్నటి ట్రాక్‌కి అది చాలు. పొడుగు కోచ్‌లు తిరిగే వంపుల్లో పై లెక్కనే నమ్మండి.

8. వంపులో తిన్నటి గర్డర్

వంపులోనూ గర్డర్లు తిన్నగానే ఉంటాయి, పైన ట్రాక్ ఒక్కటే వంగుతుంది. గర్డర్ చివరలు ట్రాక్ మధ్యగీతకి సరిగ్గా ఉన్నప్పుడు, మధ్యలో ట్రాక్ ఎంత పక్కకి జరుగుతుందో అదే ఫార్ములా చెబుతుంది: గర్డర్ పొడవు వర్గం, కింద వ్యాసార్థానికి ఎనిమిది రెట్లు. 525 మి.మీ. గర్డర్‌కి 3350 వ్యాసార్థంలో 10 మి.మీ. జరుగుతుంది, నడుస్తుంది. అదే 600 వ్యాసార్థంలో 57 మి.మీ., అంటే ట్రాక్ గర్డర్ దాటి నదిలో ఉంటుంది. కాబట్టి బిగువు వంపులో ట్రస్ వద్దు. పొట్టి ప్లేట్ గర్డర్లు (బద్దీలు లేని నిండు రేకు గర్డర్లు) వేయండి. 150 మి.మీ. ముక్కలైతే జరుగుడు 5 మి.మీ.కి లోపే, దాన్ని సగం లోపలికి సగం బయటికి పంచితే కనిపించదు.

9. పొడవు కత్తిరించడం

హేవ్‌లాక్ 56 గర్డర్లని హెచ్‌ఓలో పిల్లర్ల మందం కలపకుండానే పేరిస్తే 29.4 మీటర్లు. ఫంక్షన్ హాలు కావాలి. ఆర్చి వంతెన స్పాన్ ఒక్కటే 1.12 మీటర్లు, 1974 వంతెన పెద్ద స్పాన్ 1.05 మీటర్లు. అందుకే హేవ్‌లాక్ మంచి స్నేహితుడు అన్నది. మూడు స్పాన్లు మీటరున్నరలో వస్తాయి, చూడగానే గోదావరి అని తెలుస్తుంది. నాకడిగితే, ఒక్క స్పాన్ కూడా కుదించకుండా స్పాన్ల సంఖ్యని తగ్గించడమే ఉత్తమం. రెండింటికంటే మూడు బాగుంటుంది, మూడు స్పాన్లకి నది మధ్యలో రెండు పిల్లర్లైనా నిలబడతాయి.

స్పాన్‌నే తగ్గించక తప్పకపోతే గళ్లు తీసేయండి. ఎనిమిది గళ్లని ఆరు చేస్తే 525 కాస్తా 394 అవుతుంది, గడి ఆకారం, బద్దీల కోణం అలాగే ఉంటాయి. ఎనిమిది గళ్లూ ఉంచి పొడవుని నొక్కేస్తే ఏటవాలు బద్దీలు నిక్కబొడుచుకుని మొత్తం వంతెన అకార్డియన్‌లా తయారవుతుంది.

పిల్లర్ల వెడల్పుని కచ్చితంగా భాగించండి, ఎత్తుని మాత్రం వీలునుబట్టి తగ్గించండి. దీనికి గోదావరే ఒక సాకు ఇస్తుంది. ఎండాకాలంలో ఇసుక తిన్నెలు తేలి పిల్లర్లు పొడుగ్గా కనిపిస్తాయి, శ్రావణ భాద్రపదాల వరదలో ఎర్రనీళ్లు పైకెక్కి పొట్టిగా కనిపిస్తాయి. ఎత్తు చాలకపోతే వరదకాలం చేసేయండి.

10. బరువు, వేడి

పొడవు 87వ వంతు అయితే, వైశాల్యం 87 × 87 వంతు, బరువు 87 × 87 × 87 వంతు తగ్గుతుంది. వంద టన్నుల గర్డర్ అదే ఉక్కుతో హెచ్‌ఓలో చేస్తే దాదాపు 152 గ్రాములే. బరువు ఘనంగా పడిపోతుంటే, దాన్ని మోసే అడ్డుకోత వర్గంగానే పడిపోతుంది. అందుకే పల్చని ప్లాస్టిక్ ట్రస్ కూడా బండిని సునాయాసంగా మోస్తుంది. కొత్తవాళ్లు టెన్షన్ పడి కింద 6 మి.మీ. ప్లైవుడ్ పెట్టేస్తారు. అది అసలు వంతెనలో అర మీటరు పైగా మందం, పక్కనుంచి చూస్తే గర్డర్ కింద అరుగు కట్టినట్టుంటుంది. తీసేయండి.

వేడి విషయం తిరగబడుతుంది. 45.72 మీటర్ల ఉక్కు గర్డర్ 30 డిగ్రీల తేడాకి 16 మి.మీ. సాగుతుంది. దాన్ని హెచ్‌ఓలోకి భాగిస్తే 0.2 మి.మీ., లెక్కలోకే రాదు. కానీ మీ గర్డర్ ఉక్కుది కాదు. స్టైరీన్ ఉక్కుకంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 525 మి.మీ. ముక్క అదే 30 డిగ్రీలకి ఒక మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. రెండు చివర్లా జిగురు పెడితే మే నెలలో విల్లులా వంగుతుంది. అసలు వంతెనలో లాగే ఒక చివర బేరింగ్‌ని అతికించి, రెండో చివరని ఊరికే ఆనించి వదలండి. స్పాన్‌కీ స్పాన్‌కీ మధ్య ఆ పెరుగుదలకి సరిపడా సందు ఉంచండి.

11. జిగురుకి ముందు ఒక పరుగు

ట్రస్‌లని రబ్బరు బ్యాండ్లతో, పిన్నులతో తాత్కాలికంగా నిలబెట్టండి. ప్రవేశ ద్వారం బద్దీలని ఇంకా అతికించవద్దు. మీ దగ్గరున్న అతి పొడుగు కోచ్‌కి నాలుగు మూలలా, మధ్యలో రెండు వైపులా చిన్న పెన్సిల్ ముల్లు ముక్కలు టేపుతో అంటించండి, ఒక్కోటీ కోచ్ అంచునుంచి 2 మి.మీ. బయటికి ఉండేలా. కోచ్‌ని చేత్తో నెమ్మదిగా వంతెనలోకి తోయండి, రెండు దిక్కులనుంచీ. గర్డర్ లోపలి ముఖంమీద ఎక్కడైనా గీత పడితే అక్కడ చోటు చాలలేదన్నమాట. ట్రాక్‌ని జరపాలో, ట్రస్‌ని వెడల్పు చేయాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. తర్వాత పాంటోగ్రాఫ్ లేపిన ఇంజన్‌తో ఇంకోసారి. గీతలేవీ పడకపోతే, షీట్‌లో మీరు చివరికి కోసిన కొలతలు రాసిపెట్టుకుని జిగురు సీసా మూత తీయొచ్చు.